గ్రూపుకు తాళం, సారుకు సంకెళ్లు

యూనివర్సిటీ సారు పాఠం వినాలంటే ఒకప్పుడు ముందు సీటు దొరకాలె, హాస్టల్ దొరకాలె, బస్సు కిరాయికి పైసలు దొరకాలె. ఇయ్యాల అదే సారు పాఠాన్ని యూట్యూబ్‌లో పెడితే అచ్చంపేటలో ఉన్న డిగ్రీ పిల్ల కూడా వినొచ్చు. ఇది చిన్న సంగతి కాదు. చదువు గోడ దూకి బయటికొస్తే మొదట మేలు జరిగేది గోడ బయట నిలబడ్డ మన బిడ్డలకే.

మరి మన క్యాంపస్‌లలో ఈ సాధనాన్ని దేనికి వాడుతున్నారు? చాలాచోట్ల ఫీజు గడువుకు, హాజరు హెచ్చరికకు, పరీక్షకు రెండు రోజుల ముందు మసక మసకగా ఫోటో తీసి పంపే నోట్సుకు. గోడ మీది నోటీసు బోర్డు జేబులోకి వచ్చింది, అంతే. ఆ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పోరడు ప్రశ్న అడిగితే మర్నాటికల్లా అడ్మిన్లు తప్ప మరొకరు రాయకుండా బంద్ పెడతారు. ప్రశ్నకు తాళం వేసినంక అది తరగతి ఎట్లయితది?

తాళం తీస్తే ఏం జరుగుతుందో చూపిన ముచ్చట ఒకటి ఉన్నది. 2010 డిసెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నిధులతో పనిచేసిన ఒక బృందం, కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దొరికిన బ్యాక్టీరియా గురించి ప్రపంచమంతా మోగేటట్టు ప్రకటన చేసింది. జీవానికి తప్పనిసరి అనుకునే భాస్వరానికి బదులు అది ఆర్సెనిక్‌ను, అంటే పాషాణాన్ని, తన డీఎన్‌ఏలో ఇముడ్చుకోగలదన్నది. ప్రచురించింది పేరుమోసిన 'సైన్స్' పత్రిక. ఇక ఎదురు చెప్పేదెవరు?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పే రోజీ రెడ్‌ఫీల్డ్ ఎదురు చెప్పింది. డీఎన్‌ఏను సరిగ్గా శుద్ధి చేయలేదని, ప్రయోగంలో వాడిన ద్రావణంలో భాస్వరం మిగిలే ఉన్నదని కొద్ది రోజుల్లోనే తన బ్లాగులో రాసింది. ట్విట్టర్‌లో చర్చ అంటుకున్నది. సమీక్ష దాటి పత్రికల్లో వచ్చే విమర్శలకే జవాబిస్తామని మొదట ఆ బృందం బిగుసుకున్నది. రెడ్‌ఫీల్డ్ ఆగలేదు. ప్రయోగాన్ని తానే మళ్లీ మొదలుపెట్టి, ఫలితాలను ఎప్పటికప్పుడు అందరి ముందూ పెట్టింది. 2012లో ఆమె బృందం రాసిన పత్రాన్ని అదే 'సైన్స్' అచ్చేసింది. డీఎన్‌ఏలో ఆర్సెనిక్ ఉన్న దాఖలా లేదని తేల్చింది. మొదటి పత్రాన్ని ఆ పత్రిక వెనక్కి తీసుకున్నది మాత్రం 2025 జులైలో, రాసినవాళ్లు ఒప్పుకోకపోయినా. తప్పు పట్టడానికి రోజులు, దిద్దుకోవడానికి పద్నాలుగేండ్లు! అయితే మరో మాట కూడా చెప్పాలె. పత్రానికి ముందు నిలిచిన యువ శాస్త్రవేత్త మీద ఆ రోజుల్లో పడ్డ రాళ్లన్నీ శాస్త్రం కోసం పడ్డవి కావు. గుంపు చేరితే విమర్శకూ బురదకూ తేడా ఉండదు.

ఇంకో చిక్కు, ఈ వేదికలు ఎవరి జాగీరు? 2022 అక్టోబరులో ట్విట్టర్ ఎలాన్ మస్క్ చేతికి పోయింది. 2023లో పరిశోధకులకు ఉచితంగా ఇచ్చే డేటా బందయింది. దాని మీద ఆధారపడ్డ పరిశోధనలు నడిమధ్యలో నిలిచిపోయినయి. యజమాని మారితే పరిశోధన ఆగిపోయే చోట సారు తన ఇరవై ఏండ్ల పాఠాలను దాచుకోవచ్చునా? అసలు ప్రతి విశ్వవిద్యాలయం గూటిలోనే ఉండాలె. యూట్యూబ్‌కు పోయేది నకలు కావాలె.

ఇక భయం సంగతి. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్ర 2012 ఏప్రిల్‌లో మమతా బెనర్జీ మీద ఒక కార్టూన్‌ను ఈ-మెయిల్‌లో పంపినందుకు అరెస్టయ్యిండు. ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా ఆయనకు కేసు నుంచి విముక్తి దొరికింది 2023 జనవరిలో. 2025 మేలో హర్యానాలోని అశోకా విశ్వవిద్యాలయ అధ్యాపకుడు అలీఖాన్ మహ్మూదాబాద్ ఫేస్‌బుక్ పోస్టుల మీద అరెస్టయ్యిండు. మూడు రోజులకు సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇస్తూనే, ఆ విషయంపై ఇక రాయవద్దని షరతు పెట్టింది. రాజనీతిశాస్త్రం చెప్పే సారు రాజకీయం మీద రాయకుంటే ఏం రాయాలె, పండుగ శుభాకాంక్షలా?

పర్మినెంట్ కొలువున్న ఆచార్యుడికే ఈ గతి పడితే, ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు అధ్యాపకుడు నోరు తెరుస్తాడా? రాత్రి పదకొండుకు విద్యార్థి సందేహానికి వాట్సాప్‌లో జవాబు రాసేది చాలాసార్లు ఆయనే. ఆ పని ఏ వర్క్‌లోడ్ లెక్కలోకీ రాదు. 2020 లాక్‌డౌన్‌లో సొంత ఫోన్‌తో, సొంత డేటాతో పాఠాలు రికార్డు చేసినవాళ్లలో కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులు ఎందరో. ఆ వీడియో ఎవరి ఆస్తి? ఆయన్ను తీసేసినంక కూడా దాన్నే తిప్పి తిప్పి చూపెట్టి, పోస్టు ఖాళీగానే ఉంచుతామంటే ఒప్పుకునేదెట్లా? రికార్డయిన పాఠం మీద హక్కు చెప్పినవాళ్లదేనని పాలకమండళ్లు కాగితం మీద రాసియ్యాలె. అధ్యాపక సంఘాలు వచ్చే చర్చల్లో జీతం మాటతోపాటు ఈ మాటనూ ముందు పెట్టాలె.