పక్క చేలోకి ఉప్పు పారుతోంది, మీకు పట్టదా?

పక్కవాడి చేలో పట్టపగలు ఉప్పు బస్తాలు గుమ్మరిస్తే ఊరుకుంటారా? గుమ్మరించినవాణ్ణి చెట్టుకు కట్టేస్తారు.

మరి పైపులేసి తోలితే ఎందుకు ఊరుకుంటున్నారు?

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎన్నో ఊళ్లలో జరుగుతున్నది ఇదే. వరిచేల నడుమ రొయ్యల చెరువు తవ్వుతారు. ఉప్పుటేటి నుంచో, బోరు నుంచో ఉప్పునీళ్లు తెచ్చి నింపుతారు. ఆ నీళ్లు గట్టు కిందనుంచి ఊటగా పక్క చేలోకి దిగుతాయి. ఆ ఉప్పులోని సోడియం మట్టి అల్లికను చెడగొడుతుంది. నేల బిగుసుకుపోయి గాలి ఆడదు, నీరు ఇంకదు. మడి నిండా తడి ఉన్నా వేరు పీల్చలేదు. ఆకు కొనలు మాడిపోతాయి.

ఇది మీరు చూడలేదా?

భూసార పరీక్ష కార్డులో ఈసీ అనే గడి పెట్టింది ఉప్పు ఎంతుందో చెప్పడానికే. ఎప్పుడైనా చదివారా?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. తీపినీళ్లు పారాయి. ఈ నేల అన్నపూర్ణ అయింది. ఆ నేలకేనా మీరు ఉప్పు పెడుతున్నది?

చట్టం లేదనకండి. సాగుభూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

ఎవరు విన్నారు?

పంటకాలువ తీపినీళ్లు చెరువులకు లాగేసి, చెరువుల మురుగు మళ్లీ కాలువలోకే వదిలేసి, డ్రెయిన్లు పూడుకుపోతున్నా పట్టించుకోక, చుట్టూ తవ్వి నడుమ చిక్కిన వరి రైతును ఒంటరిని చేసి, చౌడెక్కిన చేను చివరికి అతడే లీజుకిచ్చేలా తరిమి, కౌలురైతు నోటి దగ్గర కూడు లాగేసి, నాట్లేసే ఆడకూలీలకు పని లేకుండా చేసి, గొడ్లకు గడ్డి కరువు చేసి, ఊరి మంచినీళ్లు ఉప్పగా మార్చి, గుక్కెడు నీళ్లు క్యాన్లలో కొనుక్కునే గతి పట్టించి, దీన్నంతా అభివృద్ధి అన్నారు!

సిగ్గనిపించదా?

హైదరాబాదులోనో అమెరికాలోనో కూర్చుని లీజు డబ్బు లెక్కపెట్టుకునే ఆసామీ, పక్క చేలో ఈ ఏడు ఎన్ని బస్తాలు పండాయో ఒక్కసారైనా అడిగారా?

తర్వాత బాగుచేసుకోవచ్చంటారా? ఉప్పును కడగాలంటే తీపినీళ్లు కావాలి. కడిగిన నీరు పోవడానికి డ్రెయిను కావాలి. రెండూ చెడగొట్టి దేనితో కడుగుతారు?

గ్రామసభలో లేవండి. సర్వే నంబరు చెప్పి అడగండి. ఈ చెరువుకు అనుమతి ఎవరిచ్చారు? ఎవరు చూసి ఇచ్చారు? జవాబు వచ్చేదాకా కూర్చోకండి.

చెడింది మీ చేను కాదు కదా అనుకుంటున్నారా?

ఊటను మీ సరిహద్దు రాయి ఆపుతుందా?