ఆ నౌకను మన కళ్లతో చూడాలి

చైనా నాలుగో విమానవాహక నౌక డాలియన్ షిప్‌యార్డులో రూపుదిద్దుకుంటోందని 2025 నుంచి వస్తున్న ఉపగ్రహ చిత్రాలు సూచిస్తున్నాయి. అది అణుశక్తితో నడిచే నౌక అని బీజింగ్ ప్రకటించలేదు. చైనా నౌకాదళ అప్పటి ఉన్నతాధికారి యువాన్ హువాజీ 2024 మార్చిలో నాలుగో నౌక కడుతున్న మాట ఒప్పుకొని, అణునౌక అవునో కాదో త్వరలో తెలుస్తుందని చెప్పి ఊరుకున్నారు. ఈ కబుర్లన్నీ మనకు అందుతున్నది అమెరికా విద్యాసంస్థల నుంచి, విదేశీ ఉపగ్రహ కంపెనీల నుంచి, పెంటగన్ నివేదికల నుంచి. ఒక చిత్రం బయటపడగానే మన టీవీ తెరల మీద రెండు రోజులు హడావుడి, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. హిందూ మహాసముద్రం మీద ఆధారపడి బతికే దేశానికి ఈ అరువు చూపు తగదు. ఆ నౌక నిర్మాణం ఎంతవరకు వచ్చిందో కేంద్ర ప్రభుత్వం స్వయంగా పరిశీలించి, ఏటా పార్లమెంటు ముందు నివేదిక పెట్టాలి.

ఆ పని అసాధ్యమేమీ కాదు. సిచువాన్ రాష్ట్రంలోని లెషాన్ దగ్గర, సముద్రానికి ఎంతో దూరాన, కొండల నడుమ ఒక రియాక్టర్ కడుతున్న సంగతిని అమెరికాలోని మిడిల్‌బరీ సంస్థ పరిశోధకులు 2024 నవంబరులో బయటపెట్టారు. వాళ్లు వాడినవి ఉపగ్రహ చిత్రాలు, టెండరు కాగితాలు, పర్యావరణ ప్రభావ నివేదికలు. ఇళ్లు కూల్చి నేల చదును చేయడం, నీటిని తోడుకునే ఏర్పాట్లు మొదలవడం పైనుంచి కనిపించాయి. అణ్వాయుధాలకు ప్లుటోనియం తయారు చేసే చోటని మొదట అనుమానించినవాళ్లే, కాగితాలన్నీ చదివాక అభిప్రాయం మార్చుకున్నారు. పెద్ద యుద్ధనౌకను నడిపే రియాక్టర్‌కు నేల మీద కడుతున్న నమూనా అది అని తేల్చారు. ఊహతో మొదలుపెట్టి, ఆధారం ఎటు చూపిస్తే అటు నడవడం, తప్పనిపిస్తే దిద్దుకోవడం: నిఘా అంటే ఇదే. ఇందుకు కావలసిన పరికరాలు మన దగ్గర లేకపోలేదు. 2019 నవంబరులో శ్రీహరికోట నుంచి ఎగసిన కార్టోశాట్-3 పావు మీటరు స్పష్టతతో నేలను చూడగలదు. మన ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే కేంద్రం హైదరాబాద్ పక్కన షాద్‌నగర్‌లోనే ఉంది. కొరతల్లా చైనా భాషలో టెండర్లు, పత్రికలు, సాంకేతిక వ్యాసాలు ఓపికగా చదివే నిపుణులకే. వాళ్లను విశ్వవిద్యాలయాల్లో తయారు చేసుకోవడానికి మనం పెట్టే ఖర్చు ఒక్క యుద్ధవిమానం ధరలో చిన్న ముక్క.

బీజింగ్ చెప్పే మాటను నమ్ముకుని కూర్చోవడం ఎందుకు కుదరదో వర్యాగ్ కథ చెబుతుంది. సగంలో ఆగిన ఆ సోవియట్ నౌకను 1998లో ఒక కంపెనీ ఉక్రెయిన్ నుంచి కొన్నది. మకావ్‌లో నీటిపై తేలే కాసినోగా మారుస్తామంది. 2002లో అది డాలియన్ చేరింది. 2012 సెప్టెంబరులో లియావోనింగ్ పేరుతో చైనా తొలి విమానవాహక నౌకగా దళంలో చేరింది. ఆ తర్వాత వేగం పెరిగింది. 2019లో షాన్‌డాంగ్, 2025 నవంబరులో విద్యుదయస్కాంత క్యాటపల్ట్‌లున్న ఫుజియాన్. 2035 నాటికి మొత్తం 9 నౌకలు చైనా లక్ష్యమని పెంటగన్ అంచనా.

అసలు పోలిక ఇక్కడే గుచ్చుకుంటుంది. ఫుజియాన్ 2022 జూన్‌లో జలప్రవేశం చేసి, మూడున్నరేళ్లు తిరగకుండానే విధుల్లో చేరింది. మన విక్రాంత్ 2013 ఆగస్టులో నీటిలోకి దిగింది. నౌకాదళంలో చేరింది 2022 సెప్టెంబరులో. తొమ్మిదేళ్లు. కొచ్చిలో మనం అలాంటి నౌకను కట్టడం అదే తొలిసారి కాబట్టి ఆలస్యాన్ని కొంత అర్థం చేసుకోవచ్చు. కానీ అంత కష్టపడి చేయి తిరిగిన కార్మికులు, ఇంజినీర్లు ఉన్నప్పుడే తర్వాతి నౌక పని ఎందుకు మొదలుకాలేదన్న ప్రశ్నకు జవాబు లేదు. మూడు విమానవాహక నౌకలు అవసరమని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం సైతం సిఫార్సు చేసింది. ఒకటి మరమ్మతుకు వెళ్లినా రెండు తీరాలకూ చెరొకటి ఉండాలన్నది సాదా లెక్క. అయినా ఏళ్ల తరబడి చర్చలే నడుస్తున్నాయి. అవతలివాడి పని ఏ మాసానికి ఎంత సాగిందో ఏటా సభలో చదివి వినిపిస్తే, మన వాయిదా ఎంత ఖరీదైనదో సభ్యులకు, ప్రజలకు తెలిసివస్తుంది.

రహస్యం బయటపడుతుందన్నది మొదటి అభ్యంతరం. మన ఉపగ్రహాల సత్తాను శత్రువుకు చెప్పినట్టవుతుందని కొందరు నిజాయితీగానే భయపడతారు. జపాన్‌ను చూడండి. తన సముద్రాల పక్కగా చైనా విమానవాహక నౌక వెళితే, దాని వెంట ఏయే నౌకలున్నాయో, దాని మీద విమానాలు ఎన్నిసార్లు ఎగిరి దిగాయో జపాన్ సైనిక విభాగం లెక్కగట్టి ప్రకటిస్తుంది. అమెరికా రక్షణశాఖ 2000 నుంచి చట్టప్రకారం చైనా సైనికశక్తిపై తన కాంగ్రెస్‌కు నివేదిక ఇస్తోంది. వాటి వల్ల ఆ దేశాల రహస్యాలు గంగలో కలవలేదు. చెప్పకూడనివి రహస్య సమావేశంలో సభ్యులకు చెప్పవచ్చు. మిగిలింది అందరికీ తెలియాలి. జాడ తెలియడం, తెలియకపోవడం మధ్య తేడా ఏమిటో విశాఖ తీరానికి బాగా తెలుసు. 1971లో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ పాత విక్రాంత్‌ను వేటాడుతూ ఇక్కడికి వచ్చింది. నౌక అండమాన్లలో ఉండగా, విశాఖలోనే ఉందని నమ్మించడానికి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఇక్కడ నౌకకు సరిపడా సరుకులకు ఆర్డర్లు పెట్టించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ మునిగింది. దాని శకలాలు నేటికీ విశాఖ దగ్గరి సముద్రంలోనే ఉన్నాయి.

క్షిపణుల కాలంలో ఇంత పెద్ద నౌకలు తేలికైన గురి అన్నది రెండో అభ్యంతరం. నౌకలను వేటాడే డీఎఫ్-21డీ, డీఎఫ్-26 క్షిపణులు చేతిలో ఉన్న చైనాయే వరుసగా విమానవాహక నౌకలు కడుతోంది. వాటి పరిమితులు అందరికంటే దానికే బాగా తెలుసు. అణుశక్తి వస్తే అంతా మారిపోతుందన్న అతి భయం కూడా వద్దు. రియాక్టర్ ఓడను నడుపుతుంది గాని విమానాలకు ఇంధనం, సిబ్బందికి తిండి, బాంబులు మోసుకురాదు. సరఫరా నౌకలు వెంట ఉండాల్సిందే. కానీ ఓడకు ఇంధనం నింపుకోవలసిన అవసరం తప్పితే, మలక్కా జలసంధి దాటి నెలల తరబడి మన వైపు తిరగడం తేలికవుతుంది. 2017 నుంచి జిబూటీలో చైనా సైనిక స్థావరం ఉంది. 2025 జూన్‌లో లియావోనింగ్, షాన్‌డాంగ్ ఒకేసారి పసిఫిక్‌లో దూరాలకు వెళ్లి విన్యాసాలు చేశాయి. వాటి దారి పడమటికి తిరిగే రోజు వచ్చినప్పుడు ఆలోచించడం మొదలుపెడితే, అప్పటికి మన కొత్త నౌక కనీసం పదేళ్ల దూరాన ఉంటుంది.

వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే చైనా నౌకా నిర్మాణంపై తొలి వార్షిక నివేదికను రక్షణమంత్రి సభ ముందుంచాలి. మూడో విమానవాహక నౌకపై అవునో కాదో, కారణాలతో సహా, అదే రోజు చెప్పాలి.