ఉద్దానం ఏ అరలో ఉంది?
వార్తలకు వేసే వర్గాలు, ట్యాగులు దళితుల చరిత్రను ఎలా దాస్తాయి, ఎలా బయటపెడతాయి

పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఒక దళిత మహిళను ఊహించుకుందాం. కూలిరేట్ల కోసం ఆమె ధర్నాలో కూర్చుంటే ఆ వార్త ‘బిజినెస్’లోకి వెళ్తుంది. భర్తకు డయాలసిస్ మొదలైతే ‘ఆరోగ్యం’. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఇల్లు కూలితే ‘వాతావరణం’. శ్మశానానికి దారి ఇవ్వలేదని గొడవ జరిగితే ‘క్రైమ్’. నాలుగు వార్తలు, నాలుగు అరలు. మనిషి మాత్రం ఒక్కరే. పదేళ్ల తర్వాత ఎవరైనా ‘ఉద్దానం దళితులు’ అని పాత వార్తలు వెతికితే ఈ నాలుగింటిలో ఒక్కటైనా దొరుకుతుందా?

దొరకడం, దొరకకపోవడం రాసినవారి చేతిలోనే లేదు. వార్తను ప్రచురించేటప్పుడు డెస్కులో ఎవరో టిక్కు పెట్టిన రెండు చిన్న గళ్ల మీద ఆధారపడి ఉంది. ఒకటి వర్గం, అంటే క్యాటగిరీ. రెండోది ట్యాగు.

అర వేరు, దారం వేరు

చిన్న పత్రికలు, హక్కుల సంఘాలు ఎక్కువగా వాడేది వర్డ్‌ప్రెస్. 2003లో వచ్చింది. మొదట్లో అందులో వర్గాలు మాత్రమే ఉండేవి. 2007లో వచ్చిన 2.3 వెర్షన్‌తో ట్యాగులూ చేరాయి. వర్గం బీరువాలో అర లాంటిది. అరలో అర పెట్టుకోవచ్చు: శ్రీకాకుళం కింద పలాస, పలాస కింద మందస. ట్యాగు దారం లాంటిది. దానికి తల్లీపిల్లా లేదు. ఏ అరలో ఉన్న వార్తనైనా ఇంకో అరలోని వార్తతో కడుతుంది. ఏ అరా చెప్పని వార్తను వర్డ్‌ప్రెస్ తనంతట తానే ‘వర్గీకరించనివి’ అనే అరలో పడేస్తుంది. ఊరిబయట వాడలాగా అన్ని బీరువాల్లోనూ ఆ అర ఒకటి ఉంటుంది.

వెతికేటప్పుడు అసలు తేడా తెచ్చేవి మూడు చిన్న మాటలు: లేదా, మరియు, కాకుండా. రెండు ట్యాగుల మధ్య కామా పెడితే ‘ఏదో ఒకటి ఉన్నా చాలు’ అని అర్థం. ప్లస్ పెడితే ‘రెండూ ఉండాలి’. వర్గం సంఖ్య ముందు మైనస్ పెడితే ‘ఆ అర తప్ప’. ‘కిడ్నీ, దళిత’ అని అడిగితే కుప్పలుగా వస్తాయి. ‘కిడ్నీ+దళిత’ అని అడిగితే రెండు ట్యాగులూ వేసినవే వస్తాయి. వేయనివి రావు. ఖాళీ పేజీ చూసిన పరిశోధక విద్యార్థి ‘ఇక్కడ అలాంటి సమస్య లేదు’ అని రాసుకుంటాడు. లేనిది సమస్య కాదు, ట్యాగు. ఆ తేడా తెరమీద కనపడదు.

అడగని గడి

ఉద్దానంలో ఈ మాటకు మరింత బరువుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా మనుషులను తీసుకుపోతున్న జబ్బుకు వైద్యం పెట్టిన పేరులోనే ‘కారణం తెలియని’ అనే మాట ఉంది. అదీ ఒక రకంగా వర్గీకరించని అరే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం వచ్చింది. ఇవి పోరాడి సాధించుకున్నవి. అయినా కారణం ఇదీ అని తేలలేదు.

మధ్య అమెరికాలో ఇలాంటి జబ్బే బయటపడిన తీరు చూడండి. ఎల్ సాల్వడార్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు తమ రోగుల్లో చాలామందికి షుగరూ లేదు, బీపీ కూడా లేదని, వారిలో ఎక్కువమంది పొలం పనివారని 2002లో రాశారు. ‘ఏం పని చేస్తావు?’ అనే గడి నింపారు కాబట్టే ఎండకూ, చెరకు కోతకూ, జబ్బుకూ ఉన్న సంబంధం మీద తర్వాత చర్చ మొదలైంది. గడి లేకపోతే ప్రశ్నే లేదు.

మన వార్తల్లో ఆ గడి ఏది? భూమి ఉన్న కొబ్బరి రైతుకూ, ఆ తోటలో కూలికి వెళ్లే దళితుడికీ ఒకే జబ్బు రావచ్చు. వైద్యం దాకా చేరే దారి ఒకటి కాదు. కూలి పోగొట్టుకుని వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లడం ఎవరికి ఎంత భారమో చెప్పాలంటే ‘ఆరోగ్యం’ అర ఒక్కటే చాలదు. ‘కూలి’, ‘భూమి’, ‘దళిత’ అనే దారాలు కూడా కట్టాలి.

ఏ పేరు కట్టాలి?

ఇక్కడే చిక్కు. ‘దళిత’ అనాలా, ‘ఎస్సీ’ అనాలా? ‘దళిత’ అనే మాట వాడకుండా ఉండాలని 2018 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ ప్రైవేటు టీవీ చానళ్లకు సూచన పంపింది. చూడటానికి మాట మార్పే. కానీ ఈ రెండు మాటలూ ఒకే మనుషులను చూపించవు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తర్వాతి సవరణలతో 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా ఉంది. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బీసీ–సీలో ఉన్నారు. ‘దళిత’ ట్యాగును ‘ఎస్సీ’లో కలిపేస్తే చర్చికి వెళ్లే కుటుంబం మీద జరిగిన దాడి ఆ వెతుకులాటలో కనపడకుండా పోతుంది.

‘ఎస్సీ’ లోపలా అంతే. 2025లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఉపవర్గీకరణలో మొదటి గ్రూపుది ఒక శాతం. రెల్లి, దండాసి, పైడి లాంటి కులాలు అందులో ఉన్నాయి. ఇవి ఎక్కువగా ఉత్తరాంధ్రలో కనిపించే కులాలు. మాల, మాదిగ అనే రెండే ట్యాగులున్న బీరువాలో సిక్కోలు పారిశుద్ధ్య కార్మికురాలి వార్తకు చోటే లేదు.

పేరు కోసం పోరు మనకు కొత్త కాదు. 1917లో బెజవాడలో పంచముల సభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ‘పంచమ’ను కాదని ‘ఆది ఆంధ్ర’ అన్నారు. మన పేరు మనం పెట్టుకోవడమే ఆ సభ చేసిన పని. ఈ రోజు ట్యాగు గడిలో మనం చేయాల్సిందీ అదే.

ఊరు మారింది, వార్త మారలేదు

2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపారు. అప్పుడు వంగర మండలం శ్రీకాకుళం జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో విజయనగరంలోకి వెళ్లింది. నాటి వార్తలన్నీ ‘శ్రీకాకుళం’ అరలో ఉంటాయి. కోర్టు, పునరావాసం గురించి నేటి వార్తలు ‘విజయనగరం’లో చేరతాయి. ఒక్క జిల్లా పేరుతో వెతికితే నేరం ఒక చోట, న్యాయం ఒక చోట మిగిలిపోతాయి. ‘లక్ష్మీపేట’ అనే ట్యాగు ఒక్కటే రెండింటినీ కట్టగలదు.

తెలుగు లిపి తెచ్చే చిక్కులూ ఉన్నాయి. ‘వజ్రపుకొత్తూరు’ అని కలిపి ఒకరు, ‘వజ్రపు కొత్తూరు’ అని విడగొట్టి ఒకరు రాస్తే అవి రెండు ట్యాగులు. ‘తిత్లీ’, ‘తిత్లి’ కూడా అంతే. పైగా తెలుగులో పెట్టిన ట్యాగు వెబ్ చిరునామాలో ఒక్కో అక్షర సంకేతానికి తొమ్మిది గుర్తులుగా మారుతుంది. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర ఆపేస్తుంది. అంటే ఇరవై రెండు సంకేతాలు. పొడుగాటి ట్యాగు మధ్యలోనే తెగుతుంది.

‘మరియు’కు రెండో అంచు

జాగ్రత్త కూడా అవసరం. వెతికి పట్టించే ‘మరియు’యే మనిషిని బయటపెట్టగలదు. ‘దళిత + ఫలానా ఊరు + అత్యాచారం’ అని మూడు ట్యాగులు కలిపితే ముప్పై ఇళ్ల వాడలో బాధితురాలు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. పేరు రాయకపోయినా సరే. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. బాలల విషయంలో పోక్సో 23వ సెక్షన్ ఉంది. అలాంటి వార్తల్లో ఊరి ట్యాగు తీసేసి జిల్లా దగ్గర ఆగాలి. కులం ట్యాగు అన్యాయానికి కట్టాలి, మనిషి మెడకు కాదు.

మన చేతిలో ఉన్న పని

దీనికి బడ్జెట్ అక్కర్లేదు. ట్యాగుల జాబితాను ఏడాదికి ఒకసారి వాడల నుంచి వచ్చిన విలేకరులు కూర్చుని చూడాలి. ఒకే ఊరికి ఉన్న వేర్వేరు స్పెల్లింగులు కలపాలి. ‘దళిత’, ‘ఎస్సీ’లను మాత్రం కలపకూడదు. పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ వేయాలి. 2010 సోంపేట, 2011 కాకరాపల్లి కాల్పుల వార్తలు ‘శాంతిభద్రతలు’ అరలో మిగిలిపోకుండా భూమికీ, బీల నేలలకూ, కూలికీ కట్టాలి. ‘వర్గీకరించనివి’ అర తెరిచి లోపల ఎవరున్నారో చూడాలి.

ఉద్దానం మీద రేపు ఒక విచారణ సంఘం వేస్తే, ఒక న్యాయవాది పిటిషన్ రాస్తే వాళ్లు ముందు వెతికేది ఈ పాత వార్తల్లోనే. అప్పుడు తెరమీద ‘ఫలితాలేమీ లేవు’ అని వస్తే ఆ తప్పు జీడిపిక్కలు ఒలిచే ఆ మహిళది కాదు. టిక్కు పెట్టని మనది.