గోడలపై పచ్చదనము

ఆంగ్ల పాఠ్యపుస్తకములలో ఐవీ అను తీగ పేరు మన విద్యార్థులకు తరచుగా తగులుచుండును. అది యెట్టిదని వారడిగినపుడు, గోడనంటి ప్రాకు తీగయని చెప్పి యూరకుందుము. శీతలదేశములందు పెరుగు ఆ తీగకు పూండి యెండయు ఉప్పుగాలియు సరిపడవు. అయినను మన గోడలనెక్కునవి మనకును కలవు. వేడుకకై బంగళాల గోడలపై ప్రాకించు చిన్నయాకుల తీగ యొకటి, అది మఱ్ఱిజాతిదే. ఎవరును నాటకయే మొలచు రావి, మఱ్ఱి, జువ్వి మొక్కలు మఱియొక తెగ. వీనిని గోడలనుండి తీసివేయవలయుననియే మా యభిప్రాయము.

పచ్చదనమును పెరుకుమని బోధించుట ఉపాధ్యాయులకు తగునా యని అడుగువారుందురు. ఉద్దానమను పేరు ఉద్యానమను మాటనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనసతోటల నడుమ కాపురముండు మనకు పచ్చదనము కొఱకు గోడల నాశ్రయింపవలసిన అగత్యము కనబడదు. అయినను ఎదుటివారి వాదములో సత్యము లేకపోలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ఇంగ్లండులోని పురాతన కట్టడములను పరీక్షించి, ఐవీ కప్పిన గోడ పగలు మిక్కిలి వేడెక్కక, రాత్రి మిక్కిలి చల్లబడకయుండునని కనుగొనిరి. కాని అది బిగువైన గోడ మాట. బీటలలో వేరు దిగినచో కీడే యని వారును ఒప్పుకొనిరి. సున్నము రాలి, ఇటుకల సందులు తెఱచుకొన్న మన పాతయిండ్లు ఏ కోవకు చెందునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

చిన్నయాకుల తీగ జిగురుతో అంటుకొనును. దాని వేళ్లను గాజుపలకలకానించి యుంచగా, వారము దినములలో అవి సన్నని బొట్లుగా జిగురునీరు విడిచినట్లు డార్విన్ తన ప్రాకుడు మొక్కల గ్రంథమున వ్రాసెను. అందుచేత పచ్చితీగను పట్టి లాగినచో సున్నపుపూత పెళ్లలుగా ఊడివచ్చును. మొదట నేలయొద్ద కాండమును కోసి, పైతీగ యెండువఱకు కొన్నివారములు ఓర్చుకొని, పిమ్మట మెల్లగ ఒలిచి, మిగిలిన వేళ్లను గట్టి కుంచెతో రుద్దవలెను. తేళ్లును పాములును ఆ ఆకుల మాటున దాగియుండుట కలదు గనుక ఈ పని పిల్లలకు చెప్పరాదు.

రావిమొక్క సంగతి వేఱు. పక్షులు పండ్లుతిని పిట్టగోడపై వ్రాలి రెట్టవేయగా, విత్తనము బీటలో పడి మొలచును. వెలుపల నాలుగాకులే, లోపల వేరు మూరెడు. ఏటేట క్రిస్మసుకో సంక్రాంతికో వెల్లవేయువారు దానిని కత్తితో కోసి, పైన సున్నము పూసి పోవుదురు. గోడ తెల్లనగును, లోపలి వేరు మఱియొక యేడు లావెక్కును. ఇది మన యూళ్లలో ప్రతివీథియందును చూడదగిన వింత.

రావి పూజ్యవృక్షమని దానిపై కత్తి పెట్టుటకు జంకువారు పెక్కుమంది. ఆ జంకును పరిహసించుట మాకు సమ్మతము గాదు. కాని జంకి యూరకున్నచో తుదకు గొడ్డలియే దిక్కగును. మొలకగా నున్నపుడే, వానలకు గోడ నానియున్న దినములలో, వేరుతో గూడ తీసి చెరువుగట్టున నాటినచో చెట్టును బ్రతుకును, గోడయు నిలుచును. రాని వేరును ఉలితో వెదకి తీయవలెను. ఆ సందును సున్నపుగారతోనే పూడ్చుట మంచిది. సున్నపుగోడలో సిమెంటు వేసినచో లోని తేమ వెలికి పోజాలక ప్రక్కయిటుకలు చెడును. ఏండ్లతరబడి మానైన దానిని మాత్రము తొందరపడి నఱకరాదు. కంబోడియాలోని తాప్రోహ్మ్ ఆలయమున వేళ్లే కొన్నిచోట్ల రాళ్లను పట్టియుంచినవి. అట్టిచోట తెలిసిన మేస్త్రీకి చూపి, గోడకు ఆనిక పెట్టిన తరువాతనే చెట్టును తాకవలెను.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస చేరువనే తీరము దాటెను. నేలలో లోతుగ పాతుకొన్న జీడిచెట్లును కొబ్బరిచెట్లును ఆ గాలికి కూలినవి. గోడబీటలో మొలచిన చెట్టు అట్టి గాలికి ఊగునపుడు గోడనుగూడ ఊపును. మన యిండ్లలో ఆ గోడల ప్రక్కనే మంచములు వేసికొని పిల్లలు నిద్రింతురు. అక్టోబరు నవంబరులు ఈ తీరమునకు తుపాను మాసములు గనుక, శ్రావణ భాద్రపదములలో తల్లిదండ్రులు పిట్టగోడలును, చూరులును, నూతిగట్లును ఒకమాఱు చుట్టి చూతురుగాక. పాఠశాలలోను పై తరగతుల బాలురు వానలు వెలిసిన దినమున నేలపై నిలిచియే గోడలు చూచి, మొలకలున్న తావులను గుర్తించి ఉపాధ్యాయులకు తెలుపవచ్చును. నిచ్చెన యెక్కు పని మేస్త్రీది.