మకావ్ కొనేముందు ‘ప్యూరా, హైబ్రిడ్డా’ అని అడుగుతున్నారా?



మన స్కూల్లో ఎకో క్లబ్ బాధ్యత కూడా నాదే కాబట్టి, పేరెంట్-టీచర్ మీటింగులో మార్కుల మాట అయిపోయాక కొందరు పెంపుడు జంతువుల గురించి అడుగుతుంటారు. ఇంతకుముందు కుక్కపిల్లల గురించి, చేపల తొట్టి గురించి అడిగేవారు. ఈ ఏడాది మకావ్ చిలుక మొదలైంది. ‘మావాడు పుట్టినరోజుకి మకావే కావాలంటున్నాడు టీచర్. బ్లూ అండ్ గోల్డ్ తీసుకోమంటారా, హార్లెక్విన్ తీసుకోమంటారా? హైబ్రిడ్ అయితే మంచిది కాదంటున్నారు, నిజమేనా?’ నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదిది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో తోడుగా పెంచుకునే పక్షి విషయంలో ప్యూరా, హైబ్రిడ్డా అన్నది నాలుగో ప్రశ్నో, ఐదో ప్రశ్నో అవుతుంది. మనం దాన్ని మొదటి ప్రశ్న చేసుకుని, అసలు అడగాల్సినవి అడగడం లేదు.

మన ఇళ్లలో హైబ్రిడ్ అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. విత్తనాల కొట్టు దగ్గర హైబ్రిడ్ అంటే దిగుబడి ఎక్కువ. వంటింట్లోకి వచ్చేసరికి ‘నాటు టమాటా పులుపు ఈ హైబ్రిడ్ కాయకి ఎక్కడుంది’ అంటాం. కోడి దగ్గరా ఇదే మాట. మకావ్ కొనడానికి వెళ్లేటప్పుడు ఈ రెండు అభిప్రాయాలూ మన వెంట వస్తాయి. అమ్మేవారు తమ దగ్గర ఏది ఉంటే దానికి తగిన అభిప్రాయాన్ని మనకి గుర్తుచేస్తారు. ప్యూర్ ఉంటే ‘ఒరిజినల్ సార్’ అంటారు. హైబ్రిడ్ ఉంటే ‘రెండింటి మంచి గుణాలూ వస్తాయి సార్’ అంటారు.

అసలు ‘ప్యూర్ బ్రీడ్’ అన్న మాటే ఇక్కడ సరిగ్గా అతకదు. ఇంగ్లిష్ టీచర్ని కాబట్టి ఈ ఒక్క సవరణ చేయనివ్వండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ అనేవి బ్రీడ్లు. ఒకే కుక్క జాతిలో మనిషి తన అవసరం కోసం తయారుచేసుకున్న రకాలు అవి. మకావ్‌లు అలా కాదు. నీలం, పసుపు రంగుల బ్లూ అండ్ గోల్డ్, ఎర్రటి ఒంటికి రెక్కల మీద పసుపు పట్టీ ఉండే స్కార్లెట్, అదే ఎరుపు మీద ఆకుపచ్చ పట్టీ ఉండే గ్రీన్ వింగ్... ఇవి వేర్వేరు జాతులు. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో వాటంతట అవే రూపుదిద్దుకున్నవి. పెరూ దేశంలో తంబోపాటా నది ఒడ్డున మట్టి గోడల మీద ఈ మూడు రకాలూ పక్కపక్కనే వాలి మట్టి తింటాయి. అంత దగ్గరగా తిరిగినా అడవిలో ఒక జాతి మరో జాతితో జతకట్టడం చాలా అరుదు. పంజరంలో తన జాతి తోడు దొరకనప్పుడు, లేదా మనిషి కావాలని ఒకచోట పెట్టినప్పుడు మాత్రం కలుస్తాయి.

అలా వచ్చినవే మీరు వింటున్న పేర్లు. బ్లూ అండ్ గోల్డ్, స్కార్లెట్ కలిస్తే కెటలీనా. బ్లూ అండ్ గోల్డ్, గ్రీన్ వింగ్ కలిస్తే హార్లెక్విన్. ఇవి వ్యాపారంలో పెట్టుకున్న పేర్లే కానీ శాస్త్రీయ నామాలు కావు. (హార్లెక్విన్ అంటే పాత ఇటలీ నాటకాల్లో రంగురంగుల గళ్ల దుస్తులు వేసుకునే హాస్యగాడు. పక్షిని చూస్తే పేరు బాగానే కుదిరిందనిపిస్తుంది.) కంచర గాడిదలాగా వీటికి పిల్లలు పుట్టవని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. కెటలీనాని మళ్లీ స్కార్లెట్‌తో కలిపితే కేమలాట్ వస్తుంది. అది చాలావరకు స్కార్లెట్‌లాగే కనిపించవచ్చు కూడా. అంటే ‘ప్యూర్ స్కార్లెట్’ అని ఎక్కువ డబ్బు పెట్టి తెచ్చుకున్న పక్షి ప్యూరో కాదో మీ కంటితో మీరు తేల్చుకోలేరు. ‘డీఎన్ఏ సర్టిఫికెట్ ఉంది’ అంటే అదేమిటో చదివి చూడండి. మకావ్‌లలో ఆడ, మగ చూసి చెప్పలేం కాబట్టి ఈకతోనో రక్తపు చుక్కతోనో ఆ పరీక్ష చేయిస్తారు. మామూలుగా చేతికిచ్చే కాగితం అదే. అది జాతికి రుజువు కాదు.

ఇక గుణాల సంగతి. గ్రీన్ వింగ్ నెమ్మదైనది, బ్లూ అండ్ గోల్డ్ కలుపుగోలు, కాబట్టి హార్లెక్విన్‌కి రెండూ ఉంటాయి అంటారు. ఇద్దరు పిల్లలున్న ఏ ఇంట్లోనైనా అడగండి, అమ్మ ఓర్పు, నాన్న తెలివి చెరి సగం పంచుకుని ఎవరైనా పుట్టారేమో! పక్షి గుణం చాలావరకు దాన్ని పిల్లగా ఉన్నప్పుడు ఎలా పెంచారు, తర్వాత మనం ఎలా చూసుకుంటున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆరోగ్యం విషయంలోనూ హైబ్రిడ్ కాబట్టి గట్టిదనో, బలహీనమనో నమ్మి కొనకండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకి రెండూ నిమిషాల్లో చనిపోతాయి. చాక్లెట్, అవకాడో రెండింటికీ విషమే. పొద్దుతిరుగుడు గింజలు మాత్రమే పెడితే రెండూ జబ్బుపడతాయి.

మరి జాతి స్వచ్ఛతకి ఎక్కడా విలువ లేదా అంటే, ఉంది. ‘రియో’ సినిమా మీ పిల్లలు చూసే ఉంటారు. అందులో బ్లూ అనే నీలి పక్షిది స్పిక్స్ మకావ్ జాతి. 1990లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలోని కురాసా దగ్గర వెతికితే అడవి మొత్తంలో ఒక్కటే మగ పక్షి దొరికింది. దానికి తన జాతి ఆడ తోడు లేక వేరే జాతికి చెందిన బ్లూ వింగ్డ్ మకావ్‌తో జతకట్టింది. ఆ గుడ్లు పిల్లలు కాలేదు. 1995లో పెంపకంలో ఉన్న ఒక స్పిక్స్ ఆడ పక్షిని అక్కడ వదిలారు. కొన్ని వారాలకే అది కరెంటు తీగ తగిలి చనిపోయింది. మగ పక్షి మళ్లీ పాత తోడు దగ్గరికే వెళ్లి, 2000లో కనబడకుండా పోయింది. ఆ తర్వాత ఆ జాతి మిగిలింది కొద్దిమంది పెంపకందారుల దగ్గరే. అక్కడ ఎవరైనా రంగు కోసం వాటిని వేరేవాటితో కలిపేసి ఉంటే కథ అంతటితో సరి. అలా జరగలేదు కాబట్టే 2022 జూన్‌లో 8 స్పిక్స్ మకావ్‌లను మళ్లీ అదే అడవిలో వదలగలిగారు. వాటితో పాటు 8 బ్లూ వింగ్డ్ మకావ్‌లను కూడా వదిలారు, అడవి తీరు తెలిసిన తోడు ఉంటుందని. స్వచ్ఛత కాపాడాల్సింది అలాంటి చోట, లెక్కలు రాసుకుని, ఏ పక్షిని దేనితో కలపాలో చూసుకునే కేంద్రాల్లో. మన అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఒంటరిగా కూర్చునే పక్షి ప్యూర్ అయినంత మాత్రాన ఆ జాతికి ఒరిగేదేమీ లేదు.

అలాగని హైబ్రిడ్‌ల తయారీని నేను సమర్థించను. కొత్త రంగుకి మనం ఎక్కువ డబ్బు పెట్టిన ప్రతిసారీ ఇంకో కొత్త కలయిక చేయమని ఆర్డర్ ఇచ్చినట్టే. పుట్టిన పక్షి తప్పు అందులో ఏమీ లేదు. ఆ తేడా పిల్లలకి చెప్పడం ముఖ్యం. ఎకో క్లబ్‌లో ఈ విషయం చర్చకి వచ్చినప్పుడు ఒక బాబు ‘అది సంకర జాతి కదా టీచర్, తక్కువే కదా’ అన్నాడు. ఆ మాట వాడు పక్షుల పుస్తకంలో చదివింది కాదు. ఎవరు అసలు, ఎవరు కలగలుపు, ఎవరు ఎక్కువ అని ఇంట్లో పెద్దలు పక్షి మీద వాడే మాటని పిల్లలు రేపు బెంచీలో పక్కవాడి మీద వాడతారు. దయచేసి ధర మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

చట్టం దగ్గర కూడా ఒక అపోహ ఉంది. ‘హైబ్రిడ్‌కి పేపర్లు అక్కర్లేదు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. జంతువుల అంతర్జాతీయ వ్యాపారం మీద ఉన్న సైటిస్ ఒప్పందంలో స్కార్లెట్ మొదటి అనుబంధంలో, బ్లూ అండ్ గోల్డ్, గ్రీన్ వింగ్ రెండో అనుబంధంలో ఉన్నాయి. హైబ్రిడ్ వెనుక నాలుగు తరాల్లో మొదటి అనుబంధం జాతి ఒక్కటున్నా దాన్నీ అంతే కఠినంగా చూడాలని ఆ ఒప్పందంలో నిర్ణయం ఉంది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ సైటిస్ జాతులను నాలుగో షెడ్యూల్‌లో చేర్చింది. 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి పక్షి మీ దగ్గర ఉంటే పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పిల్లలు పెట్టినా, చనిపోయినా, వేరేవారికి ఇచ్చినా తెలియజేయాలి. కాలికి వేసిన రింగు మీద నంబరు, కాగితం మీద నంబరు ఒకటేనా అన్నది డబ్బు ఇవ్వకముందే చూసుకోండి. ‘ఇదంతా ఎందుకు, ఒక రామచిలుకని తెచ్చుకుంటే పోలా’ అనుకునేవారికి ఒక్క మాట: మన దేశపు చిలుకల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. మంచి పోషణలో మకావ్ 50 ఏళ్లు, అంతకుమించి కూడా బతుకుతుంది. మీ అబ్బాయి ఆరో తరగతిలో ఉండగా పిల్ల మకావ్‌ని తెచ్చారనుకోండి. మొదటి మూడు, నాలుగేళ్లు అది ముద్దుగా ఉంటుంది, ఎవరి చేతి మీదైనా వాలుతుంది. తర్వాత దానికి యుక్తవయసు వస్తుంది. మొండికేస్తుంది, కరుస్తుంది, ఇంట్లో ఒక్కరినే తనవాళ్లుగా ఎంచుకుంటుంది. బాదం, వాల్‌నట్ చిప్పల్ని పగలగొట్టే ముక్కు అది, వేలి సంగతి చెప్పక్కర్లేదు. లెక్క వేసుకోండి, అప్పటికి మీవాడు పదో తరగతికి వస్తాడు. పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్. ఆ మరుసటి ఏడాది ఇంటర్, చాలామంది హాస్టల్‌కి వెళ్తారు. ఆ తర్వాత ఇంజనీరింగో, మెడిసినో, ఏ ఊళ్లోనో. పక్షికి ఇవేమీ తెలియవు. తను ఎంచుకున్న మనిషి ఒకరోజు బ్యాగు సర్దుకుని వెళ్లి మళ్లీ దసరాకి గానీ రాకపోతే, అది అరుస్తుంది. అరిచి అరిచి, తన ఈకలు తనే పీక్కుంటుంది. గుండె దగ్గర బోడిగా మారిన మకావ్‌ని చూస్తే ప్యూరా, హైబ్రిడ్డా అన్న ప్రశ్నే గుర్తుకురాదు.

అందుకని పిల్లవాడి కోసం మకావ్ కొనకండి. పెద్దవాళ్లలో ఎవరో ఒకరు, రోజులో కొన్ని గంటలు ఇంట్లో ఉండేవారు, తమ కోసం తెచ్చుకుంటే సరే. తాతగారో, ఇంటి నుంచే పనిచేసే అమ్మో ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లండి. వారి తర్వాత ఎవరు చూస్తారన్నది కూడా ఇప్పుడే మాట్లాడుకోండి.

అంతా ఆలోచించాక కూడా ‘రెండింట్లో ఏది’ అని అడిగితే, పిల్ల పక్షి అయితే బ్లూ అండ్ గోల్డ్ అంటాను. అది ప్యూర్ అని కాదు, కిలో పైచిలుకు బరువుండే ఆ పక్షి తిండి, పంజరం కొలత, ప్రవర్తన గురించి పెంపకందారులకు, డాక్టర్లకు బాగా తెలుసు కాబట్టి. మేత తనంతట తను తినడం నేర్చిన పిల్లనే అడగండి. సిరంజీతో గుజ్జు పట్టే వయసులో తెస్తే, వేడి ఎక్కువై గొంతు కాలడమో, ఊపిరితిత్తుల్లోకి పోవడమో జరుగుతుంది. అదే ఎవరింట్లోనైనా వద్దనుకున్న పెద్ద పక్షి, కాగితాలు సరిగ్గా ఉండి, మీ ఇంటి మనిషి చేతి మీదికి భయం లేకుండా వస్తే, హైబ్రిడ్ అయినా మారు ఆలోచించకుండా తెచ్చుకోండి. దాని కోసం ఇంకో కొత్త కలయిక ఎవరూ చేయరు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు పక్షిని రెండుసార్లు చూసి రండి. ఒకసారి మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే వెళ్లండి. తెల్లవారగానే, చీకటి పడేవేళ అవి పెట్టే అరుపు దగ్గరగా వింటే 100 డెసిబెల్స్‌కి తగ్గదు. వీలైతే పక్క ఫ్లాట్ వాళ్లని కూడా వెంట తీసుకెళ్లండి.