పాయింట్ల యెర

శ్రీనివాసుడు తన వివాహమునకై కుబేరునివద్ద ఋణము చేసెననియు, నేటికిని వడ్డి కట్టుచునే యున్నాడనియు మన సీమలో పసిబాలురు సైతము చెప్పుదురు. వడ్డికాసులవాడని ఆయనకు పేరే కలిగినది. ఆ స్వామికి హుండీ కలదు. ఆ కొండ క్రిందనే అద్దెగదిలో నుండి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు నడచిపోవు పుంగనూరు రైతుబిడ్డకు ఏ హుండీ కలదు? అట్టివానికి బహుమానముల పేర క్రెడిట్ కార్డు నంటగట్ట జూచువారిని గూర్చియే నేడు మేము వ్రాయుచున్నాము.

"ఖర్చు పెట్టిన కొలది పాయింట్లు, పాయింట్ల కొలది లాభము" అని వారి పాట. లెక్క వేసి చూతము. గది యద్దెయు భోజనపు ఖర్చును పోగా విద్యార్థి కార్డుమీద నెలకు 2,000 రూపాయలు వెచ్చించు ననుకొందము, ఏటికి 24,000. నూటికి రూపాయి చొప్పున వచ్చు బహుమానము 240 రూపాయలు. కార్డు వార్షిక రుసుము 499 అయినచో, నూటికి 18 వంతున జి.ఎస్.టి. చేరి 589 అగును. అనగా బహుమానము పుచ్చుకొన్నవాడే 349 రూపాయలు ఎదురిచ్చుకొనుచున్నాడు! ఏటికి లక్ష రూపాయలు వాడినచో రుసుము మాఫీ యగునని విక్రేత ఊరడించును. 589 మిగుల్చుకొనుటకు మరి 76,000 వెచ్చింపవలెనట. ఈ గణితము ఏ బడిలో నేర్పుదురో మేమెరుగము.

ఇంతకన్న లోతైన గుంట మరియొకటి కలదు. దాని పేరు 'కనీసపు చెల్లింపు'. బిల్లులో స్వల్పభాగము కట్టిన చాలునని చదివి పిల్లవాడు సంతోషించును. మిగిలిన బాకీ 10,000 అయి, వడ్డి నెలకు నూటికి మూడున్నర అయినచో, ఒక నెల వడ్డి 350, దానిపై పన్ను 63, వెరసి 413 రూపాయలు. ఏడాది పొడుగునా కూర్చుకొన్న 240 ఒక్క నెలలో మాయమైనవి. అంతియకాదు, బాకీ నిలిచినంతకాలము క్రొత్తగా కొన్న వస్తువులకును కొన్ననాటినుండియే వడ్డి పడును. నూటికి ముప్పదికి మించిన వార్షికవడ్డి అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో చేసిన తీర్మానమును సుప్రీముకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసినది. కావున కోర్టుకెక్కి వడ్డి తగ్గించుకొందమను ఆశ యెవ్వరికిని వలదు. న్యాయవాదవృత్తిలో నున్న మేమే ఈ మాట చెప్పుచున్నాము.

కార్డే వలదని మా వాదము కాదు. గడువులోపల బాకీ పూర్తిగా తీర్చువానికి అది వడ్డిలేని యప్పు. రేపు గృహఋణ మడిగినప్పుడు మంచి సాక్ష్యము. అయితే తక్కువ ఖర్చువాడు చూడవలసినది పాయింట్లను కాదు, రుసుమును. ఏనాటికిని రుసుము లేని కార్డు, చిన్న ఫిక్స్‌డు డిపాజిట్టు హామీమీద ఇచ్చునది, బహుమానమును బిల్లులోనే నగదుగా తగ్గించునది దొరకినచో తీసికొనవచ్చును. వేయి పాయింట్లు చేరినగాని ముట్టనీయక, చేరులోపల గడువు ముగించెడి కార్డు ఎంత మెరసినను మనది కాదు.

చట్టము కొంత తోడ్పడుచున్నది. 2022 ఏప్రిల్ 21న రిజర్వుబ్యాంకు ఇచ్చిన ఆదేశముల ప్రకారము అడుగని కార్డు పంపరాదు. బాకీలేని కార్డును మూయుమని కోరిన 7 పనిదినములలో మూయకున్న, ఆపై దినమునకు 500 రూపాయల వంతున బ్యాంకే ఖాతాదారునకు చెల్లింపవలెను. కాని అమెరికా 2009లోనే ఇంకొక అడుగు ముందుకు వేసినది. అచ్చట కళాశాల ప్రాంగణమునందును దాని దాపునను వస్తువుల నెరజూపి విద్యార్థులచేత కార్డు దరఖాస్తులు పెట్టించుట నిషిద్ధము. 21 ఏండ్లు నిండనివాడు స్వంత ఆదాయమునో, పూచీదారునో చూపవలెను. ధనికుల దేశమే తన బిడ్డలకీ కంచె వేసికొనగా, కరవుసీమ బిడ్డలకేల వలదు?

రిజర్వుబ్యాంకు ఇట్టి నియమము చేయవలెనని మేము కోరుచున్నాము. అంతవరకు శ్రీ వేంకటేశ్వర, శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయముల యధికారులును, చిత్తూరు, మదనపల్లె కళాశాలల ప్రిన్సిపాళ్లును కార్డుల విక్రేతలను గేటు దాటనీయమని వ్రాతపూర్వకముగ ప్రకటింపవలెను. రానున్న ప్రవేశముల కాలమునకు ముందే ఆ ప్రకటన నోటీసుబోర్డు కెక్కవలెను.