అద్దంలోని కుడి, ఫోటోలోని ఎడమ

అద్దం కుడిఎడమలను తారుమారు చేస్తుందని అందరూ అంటారు. నిజానికి అది చేసేది వేరు. ఉత్తరముఖంగా అద్దం ముందు నిలబడి, తూర్పువైపున ఉన్న కుడిచేతిని ఎత్తండి. ప్రతిబింబంలోనూ ఎత్తిన చేయి తూర్పుననే ఉంటుంది. మారినవి ముందువెనుకలు మాత్రమే. మీరు ఉత్తరానికి చూస్తుంటే అది దక్షిణానికి చూస్తుంది. దానిని మనకు ఎదురుగా నిలిచిన మరొక మనిషిగా ఊహించుకోవడం వల్లనే ఆ చేయి ఎడమచేయిగా తోస్తుంది.

ఇంతవరకు ఇది వినోదమే. కాని 2020 మార్చిలో మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడిన తరువాత, ఫోటో పంపి సలహా అడగడం సామాన్యమైపోయింది. ఫోనులోని ముందు కెమెరా తెరపై సాధారణంగా అద్దంలోని బొమ్మనే చూపుతుంది. భద్రపరచేటప్పుడు కొన్ని ఫోనులు దానిని సరిచేస్తాయి, కొన్ని అలాగే ఉంచుతాయి. అందిన ఫోటో ఏ రకమో వైద్యునికి తెలియదు.

ముఖ పక్షవాతాన్నే తీసుకోండి. మూతి ఆరోగ్యంగా ఉన్న వైపుకు లాగుతుంది కనుక, ఆ వైపే జబ్బు ఉన్నదని ఇంటివారు పొరబడుతుంటారు. దానికి తిరగబడిన ఫోటో తోడైతే గందరగోళం రెట్టింపు. జబ్బు ఉన్న వైపు కన్ను పూర్తిగా మూతపడదు. రాత్రివేళ ఆ కంటికి మందు వేసి రెప్పను మూసి ఉంచాలి. మంచి కంటికి ఆ జాగ్రత్తలన్నీ తీసుకొని, మూతపడని కంటిని గాలికి వదిలేస్తే కార్నియా ఎండి పుండు పడవచ్చు. (హఠాత్తుగా మూతి వంకరపోతే అది మెదడుకు సంబంధించిన పక్షవాతమూ కావచ్చు. ఫోటోలు తీస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.)

ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి ఫోటో తీసి పంపేవారూ ఉన్నారు. వెనుకవైపు నుంచి తీస్తే గుండె కుడివైపుకు జరిగిపోతుంది. అరుదుగా కొందరికి గుండె నిజంగానే కుడివైపున ఉంటుంది. అందుచేత ఫిల్ము మీది ఎల్ లేదా ఆర్ అక్షరం ఫోటోలో సరిగా కనబడి తీరాలి.

ఇందులో రోగుల కంటే వైద్యుల బాధ్యతే ఎక్కువని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన శస్త్రచికిత్స భద్రతా జాబితా, కత్తి పెట్టే ముందు రోగి ఎవరో, కోయవలసిన చోటు ఏదో పైకి చెప్పి ధ్రువపరచుకోమంటుంది. ఫోను వైద్యానికి అంత తంతు అక్కరలేదు. ‘ఏ వైపు?’ అని ఒక్క మాట అడిగితే చాలు. ఆ మాటకే తీరిక లేనివారు ఫోటో చూసి మందు వ్రాయకపోవడం మేలు.

మీరు మాత్రం వెనుక కెమెరాతో వేరొకరిచేత ఫోటో తీయించండి. ‘ఈ వైపు’ అనక, ‘నా కుడి బుగ్గ’ అని స్పష్టంగా వ్రాయండి. అనుమానం వస్తే దుస్తులు చూడండి. చీర పైట, చొక్కా జేబు సాధారణంగా ఎడమవైపున ఉంటాయి కనుక, సరైన ఫోటోలో అవి చూసేవారి కుడిచేతి వైపుకు రావాలి. గుజరాతీ పద్ధతిలో చీర కట్టినవారికి ఈ గుర్తు పనికిరాదు. అప్పుడు వెనుక గోడమీది క్యాలెండరు అక్షరాలు చూసుకోవలసిందే.